ఆకురాయితో పెంచిన బలం

1962 సెప్టెంబరులో ఇంగ్లండులోని అబింగ్‌డన్ కార్ఖానా ఎంజీబీ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును బయటపెట్టింది. సిడ్ ఎనెవర్ ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్న ఈ కారులో 1,798 సీసీ ఇంజిన్ ఉంది. 5,400 ఆర్‌పీఎమ్ దగ్గర అది 95 హార్స్‌పవర్ ఇస్తుందని కంపెనీ ప్రకటించింది. గంటకు 100 మైళ్లు దాటి పరుగెత్తేది. 1980లో ఆ కార్ఖానా మూతపడేదాకా, దాని రకాలన్నీ కలిపి అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఇంత విరివిగా తయారైంది కనకే విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. అంతకంటే విలువైనది ఇంకొకటి ఉంది. ఈ ఇంజిన్‌ను విప్పి, కొలిచి, మెరుగుపెట్టిన మేస్త్రుల అనుభవం అరవై ఏళ్లుగా పోగుపడి ఉంది.

ఇది మనకు పూర్తిగా పరాయి ఇంజిన్ కూడా కాదు. బెంగాల్లోని ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్ బానెట్ కింద ఏళ్ల తరబడి ఉన్న 1,489 సీసీ పెట్రోలు ఇంజినూ, ఎంజీబీ ఇంజినూ ఒకే కుదురులోవి. రెండూ బీఎంసీ కంపెనీ బీ-సిరీస్‌కి చెందినవే. పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం, అంటే స్ట్రోకు, రెండిట్లోనూ 88.9 మిల్లీమీటర్లే. సిలిండర్ వెడల్పు, అంటే బోరు, మాత్రం అంబాసిడర్‌లో 73 మిల్లీమీటర్లయితే ఎంజీబీలో 80.26. టాక్సీ స్టాండు పక్క షెడ్డులో అంబాసిడర్ హెడ్డు దించి వాల్వులు కూర్చోబెట్టిన మేస్త్రికి ఎంజీబీ బానెట్ ఎత్తగానే చాలావరకు తెలిసిన సామానే కనిపిస్తుంది. అదే పోత ఇనుము బ్లాకు, అదే పోత ఇనుము హెడ్డు, గాలి లోపలికి పోయే దారీ పొగ బయటికొచ్చే దారీ రెండూ ఇంజిన్‌కి ఒకే పక్కన.

పాత స్పోర్ట్స్ కారుకి బలం పెంచడం అనగానే కొత్త సామాను కొని బిగించడమే గుర్తుకొస్తుంది. ఎంజీబీ మీద జరిగిన మంచి పనిని దగ్గరగా చూస్తే వేరే సంగతి తేలుతుంది. ఇక్కడ దొరికే హార్స్‌పవర్‌లో ఎక్కువ భాగం రెండు తెలివితేటల నుంచి వస్తుంది. కార్ఖానా వరుసలో తీరిక లేక వదిలేసిన పనిని చేత్తో పూర్తిచేయడం ఒకటి. కార్ఖానా బాగా చేసిన పనిని గుర్తుపట్టి దాని జోలికి పోకపోవడం రెండోది. ఈ రెండోది మొదటిదానికంటే కష్టం.

పోయినదాన్ని ముందు రాబట్టడం

పని తెలిసినవాడు మొదట ఏ పనిముట్టూ కొనడు. కారులో ఒకరిని కూర్చోబెట్టి యాక్సిలరేటర్ నేలకు ఆనేదాకా తొక్కమంటాడు. తాను బానెట్ దగ్గర నిలబడి కార్బొరేటర్లలోని బటర్‌ఫ్లైలు, అంటే గాలి దారి తలుపులు, పూర్తిగా తెరుచుకున్నాయా లేదా అని చూస్తాడు. ఎంజీబీలో యాక్సిలరేటర్‌కి ఉన్నది కేబుల్. అది సాగినా, పెడల్ కింద మందపాటి తివాచీ పరిచినా తలుపు మూడొంతులే తెరుచుకుంటుంది. పైసా ఖర్చు లేకుండా వచ్చే బలం ఇది.

తర్వాత కంప్రెషన్ పరీక్ష. నాలుగు ప్లగ్గులూ విప్పి, బటర్‌ఫ్లైలు తెరిచిపట్టి, ఒక్కో సిలిండర్ ఎంత ఒత్తిడి పుట్టిస్తోందో గేజి మీద చూస్తారు. నాలుగూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి తక్కువగా ఉంటే ఆ సిలిండర్లో కాస్త ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. ఒత్తిడి పెరిగిందంటే లోపం రింగుల్లో ఉంది, పెరగలేదంటే వాల్వుల్లో ఉంది. ఆ తర్వాత టాపెట్లు. కంపెనీ చెప్పిన సందు 0.015 అంగుళం, మిల్లీమీటర్లలో 0.38. సందు ఎక్కువైతే వాల్వు లేవాల్సినంత లేవదు. తక్కువైతే అది సీటు మీద పూర్తిగా ఆనక కాలిపోతుంది. ఫీలర్ గేజిని సందులో తోసి లాగుతుంటే కొంచెం పట్టు తగలాలి. ఆ పట్టు ఎంత ఉండాలో పుస్తకం చెప్పలేదు, చెయ్యి నేర్చుకోవాలి.

యాభై ఏళ్ల నాటి కారులో ఈ పనులన్నీ సరిగ్గా ముగిసేసరికి అది మళ్లీ 95 దగ్గరికి చేరుతుంది. చాలామంది యజమానులు దీన్నే పెంచిన బలం అనుకుంటారు. నిజానికి అది తిరిగొచ్చిన బలం. ఇది తిరిగి రాకుండా పైపైన వేసే సామానంతా వృథా.

హెడ్డులో దాగిన పని

బీ-సిరీస్ హెడ్డు వెనక హ్యారీ వెస్‌లేక్ ఉన్నాడు. ఇంగ్లండు దక్షిణ తీరాన రై అనే చిన్న ఊళ్లో ఆయన కర్మాగారం ఉండేది. హెడ్డులోని దారుల గుండా గాలిని లాగి, ఎంత గాలి పోతోందో కొలిచి, ఆ కొలత ప్రకారం దారుల రూపు తీర్చిన తొలితరం ఇంజినీర్లలో ఆయన పేరు ముందుంటుంది. బీ-సిరీస్ దహనగది ఆయన ఆలోచనే. అది కింది నుంచి చూస్తే హృదయాకారంలో ఉంటుంది. రెండు వాల్వుల మధ్యకి ఒక ఇనుప మొన పొడుచుకొచ్చి ఉంటుంది. లోపలికి దూసుకొచ్చే మిశ్రమం ఆ మొన వల్ల ఒక పక్కకు మళ్లి గదిలో సుడి తిరుగుతుంది. సుడి తిరిగిన మిశ్రమం త్వరగా, సమంగా మండుతుంది. అనుభవం చాలని చేతులు ఈ మొనను అడ్డు అనుకుని పూర్తిగా కోసేస్తాయి. పని తెలిసినవాడు దాని పదునైన అంచులను మాత్రం గుండ్రం చేస్తాడు. పదునైన అంచు ఎర్రగా కాలి, ప్లగ్గు కంటే ముందే మిశ్రమాన్ని అంటించే ప్రమాదం ఉంది కాబట్టి అంతవరకే అతని చెయ్యి వెళ్తుంది.

ఈ హెడ్డుకి పుట్టుకతో వచ్చిన ఇబ్బంది ఒకటుంది. సిలిండర్లు నాలుగైనా గాలి దారులు రెండే. ఒకటో, రెండో సిలిండర్లకు కలిపి ఒకటి, మూడో, నాలుగో సిలిండర్లకు కలిపి ఒకటి. పొగ దారులు మూడు. చివరి సిలిండర్లు రెండిటికీ చెరొకటి, మధ్య రెండిటికీ కలిపి ఒకటి. ఇంజిన్ మండే వరుస 1-3-4-2. అంటే మూడు పీల్చిన వెంటనే నాలుగు పీలుస్తుంది, రెండు పీల్చిన వెంటనే ఒకటి పీలుస్తుంది. కంపెనీ క్యామ్‌షాఫ్ట్ ఇన్లెట్ వాల్వును 252 డిగ్రీల పాటు తెరిచి ఉంచుతుంది. జంటలో రెండో వాల్వు 180 డిగ్రీలకే తెరుచుకుంటుంది. మిగిలిన 72 డిగ్రీల సేపు రెండు వాల్వులూ తెరిచే ఉంటాయి. కింది ఇంట్లో కుళాయి తిప్పగానే మేడ మీద ధార సన్నబడినట్టు, ముందు పీలుస్తున్న సిలిండర్‌కి చివర్లో అందాల్సిన మిశ్రమాన్ని వెనకది లాగేసుకుంటుంది.

ఈ ఏర్పాటును మార్చడం కుదరదు. అందుకే మంచి మేస్త్రులు దారి పొడవునా ఇనుము తవ్వడం మానేసి, చివరి అంగుళం మీద ధ్యాసపెట్టారు. హెడ్డును ఇసుక అచ్చులో పోతపోస్తారు. దారి లోపలి గోడలు ఆ పోతలో వచ్చినవే. వాల్వు సీటును, దాని కింది గొంతును మాత్రం మిషన్ మీద కోస్తారు. కోత ఆగినచోట, పోత గోడ మొదలయ్యేచోట ఒక గట్టు మిగిలిపోతుంది. కార్ఖానా వరుసలో ఒక్కో హెడ్డు దగ్గర ఆగి ఆ గట్టును నునుపు చేసే తీరిక ఎవరికీ లేదు. గాలి అతి వేగంగా సాగే చోటు, మలుపు తిరిగి సిలిండర్లోకి దూకే చోటు సరిగ్గా ఇదే. అక్కడున్న గట్టు మిల్లీమీటరుదైనా గాలి గోడను వదిలి చెల్లాచెదరవుతుంది. చిన్న గ్రైండర్‌తో, తర్వాత ఆకురాయితో, ఎమరీ గుడ్డతో ఆ గట్టును కరిగించి, గొంతును ఒకే వంపుగా తేవడమే హెడ్డు పనిలో సగం. మలుపులో లోపలి అంచు దగ్గర చెయ్యి మరీ జాగ్రత్తగా ఉండాలి. అక్కడ ఇనుము తీసేకొద్దీ మలుపు కోసుగా మారుతుంది. దారి వెడల్పయినట్టు కంటికి కనిపిస్తుంది, గాలి మాత్రం తగ్గుతుంది.

మిగతా సగం వాల్వు సీటు. వాల్వు ఆనే ముఖం 45 డిగ్రీల వాలులో ఉంటుంది. ఆ ఒక్క వాలుతోనే వదిలేస్తే దానికి పైనా కిందా రెండు మూలలు మిగులుతాయి. పైన 30 డిగ్రీలు, కింద 60 డిగ్రీల వాలుతో మరో రెండు కోతలు వేస్తే గాలి ఆ మూలల దగ్గర తడబడకుండా మెల్లగా మళ్లుతుంది. వాల్వు తెరుచుకోవడం మొదలైన క్షణం నుంచీ ఈ కోతల ఫలితం కనిపిస్తుంది. ఎందుకంటే వాల్వు కొద్దిగా లేచినప్పుడు దారిలో అతి ఇరుకైన చోటు సీటే. ఎంజీబీ ఇంజిన్ల మీద పుస్తకం రాసిన ట్యూనర్ పీటర్ బర్జెస్ కూడా హెడ్డు పనికే పెద్దపీట వేస్తాడు. సీట్ల పనిలో ఈ కాలపు అవసరం కూడా ఒకటి కలిసొచ్చింది. బ్రిటన్‌లో 2000 నుంచి సీసం కలిపిన పెట్రోలు బంకుల్లో మామూలు అమ్మకానికి లేదు. సీసం లేని పెట్రోలుకి పోత ఇనుము ఎగ్జాస్ట్ సీట్లు త్వరగా అరుగుతాయి కనక గట్టి ఇనుముతో చేసిన కొత్త సీట్లు బిగిస్తున్నారు. సీట్లు ఎలాగూ మార్చాలి కాబట్టి కోతలూ గొంతూ ఒకే చేతి మీద కలిసిపోతాయి.

అద్దంలా మెరిసే ఇన్లెట్ దారిని చూసి మురిసిపోయేవారున్నారు. ఆ మెరుపుతో పెద్ద పని లేదు. కార్బొరేటర్ కారులో పెట్రోలు తుంపరలుగా ప్రయాణిస్తుంది. మరీ నున్నటి గోడ మీద ఆ తుంపరలు అతుక్కుని పాయలుగా జారతాయి. గోడ కాస్త గరుకుగా ఉంటేనే అవి లేచి గాలిలో కలుస్తాయి. ఎగ్జాస్ట్ దారిని మాత్రం ఎంత నునుపు చేసినా మేలే, మసి పట్టడం తగ్గుతుంది. ఒకే హెడ్డులో పక్కపక్కనున్న రెండు దారులకు రెండు రకాల ముగింపు ఇచ్చినవాడి దగ్గర హెడ్డు వదిలి నిశ్చింతగా ఉండొచ్చు.

అయిదు సీసీల లెక్క

కంప్రెషన్ నిష్పత్తి పెంచడం ఇంకొక దారి. ఎంజీబీలో అది 8.8. ఒక్కో సిలిండర్ కొలత 449.5 సీసీ. నిష్పత్తి 8.8 కావాలంటే పిస్టన్ పైకొచ్చి ఆగినప్పుడు దాని మీద మిగిలే చోటు 57.6 సీసీ ఉండాలి. దాన్ని 9.5 చేయాలంటే 52.9 సీసీ ఉండాలి. తేడా అయిదు సీసీ కూడా లేదు. హెడ్డు ముఖాన్ని కొద్దిగా గీయిస్తే సరిపోతుంది. మిషన్ షాపులో అరగంట పనే.

ఈ అరగంట పని చుట్టూ ఉండే కొలతలోనే మేస్త్రితనం బయటపడుతుంది. పోత ఇనుములో నాలుగు గదులూ ఒకే కొలతలో రావు. హెడ్డును తలకిందులుగా బల్ల మీద పెట్టి, వాల్వులూ ప్లగ్గులూ బిగించి, గది మూతికి గ్రీజు రాసి, రంధ్రమున్న మందపాటి పారదర్శక పలక మూస్తారు. గాజు బ్యూరెట్‌తో పల్చటి నూనె చుక్కచుక్కగా వదులుతూ, చివరి గాలి బుడగ పోయేదాకా నింపి కొలత రాసుకుంటారు. నాలుగు గదులకూ ఇదే వరస. అన్నిటికంటే పెద్ద గది కొలతకి మిగతా మూడింటినీ రవంత ఇనుము తీసి సమం చేశాకే ముఖం గీయిస్తారు. ముందే గీయించి తర్వాత సమం చేయబోతే, తెచ్చుకున్న నిష్పత్తి చేజారుతుంది. నాలుగు సిలిండర్లూ సమంగా లాగే ఇంజిన్ ఐడిలింగ్‌లోనే తెలుస్తుంది. గేరు లివరు వణకదు.

తోలు తిత్తి నుంచి పుట్టిన కార్బొరేటర్

ఎంజీబీలో పక్కపక్కన రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు ఉంటాయి. ఒక్కోదాని గొంతు ఒకటిన్నర అంగుళం. ఎస్‌యూ అంటే స్కిన్నర్స్ యూనియన్. స్కిన్నర్ సోదరులు పాదరక్షల వ్యాపారం చేసే కుటుంబంలోంచి వచ్చారు. వాళ్ల తొలి కార్బొరేటర్లలో పైకీ కిందికీ కదిలే భాగాన్ని తోలు తిత్తితో చేశారు. తర్వాత ఆ తిత్తి చోటులో లోహపు పిస్టన్ వచ్చింది. సూత్రం మారలేదు.

ఆ సూత్రం చాలా ముచ్చటైనది. ఇంజిన్ ఎంత గట్టిగా పీలిస్తే పిస్టన్ అంత పైకి లేస్తుంది, గొంతు అంత వెడల్పవుతుంది. పిస్టన్ అడుగున వేలాడే సన్నటి సూది జెట్‌లో దిగి ఉంటుంది. జెట్ రంధ్రం 0.090 అంగుళం, సుమారు 2.3 మిల్లీమీటర్లు. సూది కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది కనక పిస్టన్ లేచేకొద్దీ ఎక్కువ పెట్రోలు వస్తుంది. ఏ వేగం దగ్గర ఎంత పెట్రోలు అన్న లెక్కంతా ఆ సూది రూపులోనే ఉంది. ప్రతి ఎనిమిదో వంతు అంగుళానికీ సూది మందం అంగుళంలో పదివేలో వంతు దాకా కొలిచి పట్టికలు అచ్చువేశారు. గాలి దారి మారిన ప్రతిసారీ సూది మారాలి. హెడ్డు పని చేయించి పాత సూదినే ఉంచిన కారు మీది వేగాల్లో పెట్రోలు చాలక వట్టిపోతుంది. పట్టికలో సరిపోయే సూది దొరకనప్పుడు పాతకాలపు ట్యూనర్లు సూదిని డ్రిల్లుకి బిగించి తిప్పుతూ, కావలసిన చోట మాత్రం నున్నటి ఎమరీ కాగితం ఆనించి వెంట్రుకవాసి అరగదీసేవారు.

ఎయిర్ ఫిల్టర్ దగ్గర చాలా కార్లు ఉన్న బలం పోగొట్టుకుంటాయి. కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ డబ్బా చూడటానికి మోటుగా ఉంటుంది. లోపల మాత్రం గాలి కార్బొరేటర్‌లోకి ప్రవేశించేచోట గుండ్రటి మూతి ఉంది. అందం కోసం డబ్బా తీసేసి పల్చటి గుండ్రటి ఫిల్టర్లు బిగిస్తే ఆ మూతి పోతుంది. గాలి పదునైన అంచు మీదుగా లోపలికి తిరగాల్సి వస్తుంది. శబ్దం పెరుగుతుంది, బలం తగ్గుతుంది. ఫిల్టర్ మార్చినవాడు లోపల స్టబ్ స్టాక్ అనే చిన్న గుండ్రటి మూతిని కూడా బిగించాలి. పెట్టిన ఖర్చుకి ఇంత ఫలితమిచ్చే సామాను ఈ కారులో ఇంకొకటి లేదు. బిగించేటప్పుడు ఇంకొక మెలకువ అవసరం. కార్బొరేటర్ ముఖం మీద రెండు చిన్న రంధ్రాలుంటాయి. పిస్టన్ కిందికి బయటి గాలి అందేది వాటి గుండానే. గ్యాస్కెట్ తలకిందులుగా పడితే అవి మూసుకుపోతాయి, పిస్టన్ లేవాల్సినంత లేవదు. ఎన్ని వేల రూపాయల హెడ్డు పనైనా ఆ కాగితం ముక్క దగ్గర ఆగిపోతుంది.

రెండు కార్బొరేటర్లను ఒక తూకంలోకి తేవడం చెవితో చేసే పని. ఒక రబ్బరు గొట్టం కొసను చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను ఒక్కో కార్బొరేటర్ మూతి దగ్గర పెట్టి బుస వింటారు. రెండిటి బుసా ఒకే స్థాయిలో వినపడేదాకా బటర్‌ఫ్లై మరలు తిప్పుతారు. తర్వాత మిశ్రమం. పిస్టన్‌ను చిన్న పిన్నుతో మిల్లీమీటరు కంటే తక్కువగా ఎత్తుతారు. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ. పడిపోతే పెట్రోలు తక్కువ. లవలేశం పెరిగి మళ్లీ కుదుటపడితే సరైన పాళ్లు. జెట్ కింది నట్టును ఒక్కో పలక చొప్పున, అంటే చుట్టులో ఆరో వంతు చొప్పున, తిప్పుతూ అక్కడికి తెస్తారు. ఇవాళ గాలి కొలిచే గేజీలూ, పొగలోని ఆక్సిజన్ చూపే సెన్సర్లూ ఉన్నాయి. వాటిని వాడే మంచి మేస్త్రులు కూడా చివర్లో ఒకసారి పిన్ను ఎత్తి వింటారు.

జోలికి పోకూడని సామాను

స్పోర్ట్స్ కారు యజమాని మొదట మార్చేది పొగ గొట్టాలనే. ఎంజీబీలో తొందరపడకూడనిదీ అక్కడే. పొగ దారుల్లో మధ్యది రెండో, మూడో సిలిండర్లది. మండే వరుసలో ఆ రెండూ ఒకదానికొకటి 360 డిగ్రీల ఎడంలో ఉన్నాయి. చివరనున్న ఒకటో, నాలుగో సిలిండర్లకూ అదే ఎడం. ఒకరి పొగ ఇంకొకరికి అడ్డురాదు. కంపెనీ పోత ఇనుముతో చేసిన మానిఫోల్డ్ ఈ లెక్కను గౌరవించే ఉంది. మధ్య దారిని చివరి దారుల్తో కలపకుండా రెండు గొట్టాలుగా కిందికి దింపింది. మామూలు రోడ్డు కారుకి ఇది చాలా చక్కటి పని. దీన్ని తీసేసి మెరిసే స్టీలు గొట్టాలు బిగిస్తే చివరికి దక్కేది స్వల్పం. గ్యాస్కెట్ దగ్గర లీకులు, బానెట్ కింద పెరిగిన వేడి అదనం.

ఆ వేడి చిన్న సంగతి కాదు. ఈ ఇంజిన్‌లో కార్బొరేటర్లు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి సరిగ్గా పైన ఉంటాయి. పీల్చే గాలి వేడెక్కిన కొద్దీ పల్చబడుతుంది. సుమారు మూడు డిగ్రీలకు ఒక శాతం చొప్పున దాని సాంద్రత తగ్గుతుంది. కార్బొరేటర్ల కింద కంపెనీ పెట్టిన వేడి అడ్డు రేకు ఎన్నో కార్లలో తుప్పుపట్టో, ఎవరో విప్పి పారేసో కనిపించదు. దాన్ని మళ్లీ పెట్టడం, రేడియేటర్ పక్క నుంచి చల్లటి గాలి వచ్చే దారి చేయడం చౌకైన పనులు. ఎండాకాలంలో వీటి ఫలితం స్టీలు గొట్టాల కంటే ఎక్కువ తెలుస్తుంది.

రెండు స్ప్రింగుల మధ్య

లూకాస్ డిస్ట్రిబ్యూటర్ అడుగున రెండు చిన్న బరువులు, వాటిని పట్టి ఉంచే రెండు స్ప్రింగులు ఉంటాయి. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ బరువులు బయటికి విచ్చుకుని, ప్లగ్గు మెరిసే క్షణాన్ని ముందుకు జరుపుతాయి. ఒక స్ప్రింగు పల్చనిది, మొదటి నుంచీ పనిచేస్తుంది. రెండోది గట్టిది. దాని కొక్కెం కాస్త వదులుగా ఉండి, బరువులు కొంత దూరం విచ్చుకున్నాకే పట్టుకుంటుంది. ఏ వేగానికి ఎన్ని డిగ్రీలు అన్న రేఖ ఈ రెండు స్ప్రింగుల్లోంచే వస్తుంది. అర్ధశతాబ్దంలో స్ప్రింగులు సాగుతాయి, ఇరుసు బుష్షు అరుగుతుంది. ఇరుసు ఊగితే పాయింట్ల సందు ప్రతి చుట్టుకీ మారుతుంది. ఒక్కో సిలిండర్ ఒక్కో క్షణంలో మండుతుంది.

అందువల్ల ఐడిలింగ్‌లో టైమింగ్ సరిపెట్టి సంతృప్తి పడకూడదు. స్ట్రోబ్ దీపం పట్టుకుని వేగం పెంచుతూ, పూర్తిగా విచ్చుకున్నప్పుడు మొత్తం ఎన్ని డిగ్రీలకు చేరిందో చూడాలి. వ్యాక్యూమ్ గొట్టం తీసి చూస్తే ఈ ఇంజిన్‌కి 30 నుంచి 32 డిగ్రీల దగ్గర మేలైన బలం దొరుకుతుంది. కంప్రెషన్ పెంచిన ఇంజిన్ తక్కువ డిగ్రీలతోనే తృప్తిపడుతుంది. ఎక్కువిస్తే మిట్ట ఎక్కే చోట టిక్కుటిక్కుమని నాక్ చేస్తుంది. స్ప్రింగులు మార్చడం, బుష్షు కొత్తది వేయడం, బరువుల పిన్నులకు నూనె పట్టించడం ఒక సాయంత్రం పని. మధ్య వేగాల్లో పికప్ తేడా వెంటనే తెలుస్తుంది.

ఎక్కడ ఆగాలి

క్యామ్‌షాఫ్ట్ మార్పుతో సులభమైన పనులు ముగుస్తాయి. 252 డిగ్రీల కంపెనీ క్యామ్ తీసేసి 270 డిగ్రీలది వేస్తే మీది వేగాల్లో ఇంజిన్ ఇంకా పీలుస్తుంది. ఈ హెడ్డులో గాలి దారులు జంటలని మరిచిపోకూడదు. 270లోంచి 180 తీస్తే 90. రెండు వాల్వులూ ఒకేసారి తెరిచి ఉండే సమయం 72 డిగ్రీల నుంచి 90కి పెరిగింది. సిలిండర్ల మధ్య లాక్కోవడం ఆ మేరకు పెరుగుతుంది. ఐడిలింగ్ గరుకవుతుంది, కింది వేగాల్లో లాగుడు తగ్గుతుంది. అందుకే తెలిసిన ట్యూనర్లు రోడ్డు కారుకి మెత్తటి క్యామ్‌తోనే సరిపెడతారు.

పందేల కోసం దీన్ని ఎంత దూరమైనా తీసుకెళ్లొచ్చని అబింగ్‌డన్ వాళ్లే చూపించారు. అక్కడి స్పెషల్ ట్యూనింగ్ విభాగం ఎంజీబీ యజమానుల కోసం మెట్టుమెట్టుగా బలం పెంచే పద్ధతులు చిన్న పుస్తకంగా వేసి, సామాను కూడా అమ్మేది. 1965 లె మాన్స్ 24 గంటల పందెంలో ప్యాడీ హాప్‌కర్క్, ఆండ్రూ హెడ్జెస్ నడిపిన ఎంజీబీ మొత్తం మీద 11వ స్థానంలో నిలిచింది. 1966లో జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ మీద 84 గంటల పాటు సాగిన మారథాన్ డి లా రూట్‌ను మరో ఎంజీబీ గెలిచింది. ఇంత దూరం ఆగకుండా పరుగెత్తించే ట్యూనింగ్‌లో మెచ్చుకోవాల్సింది గరిష్ఠ బలం కంటే ముందు, ఓర్పు.

ఈ ఓర్పు ఎదుట అమెరికా మోడళ్ల కథ వేరు. అక్కడి పొగ నిబంధనల కోసం 1975 నుంచి రెండు ఎస్‌యూల చోట ఒకే జెనిత్-స్ట్రాంబర్గ్ కార్బొరేటర్ పెట్టారు. కంప్రెషన్ అప్పటికే 8కి తగ్గింది. ప్రకటించిన బలం 62.5కి పడిపోయింది. కొలిచే పద్ధతి మారిన వాటా అందులో కొంత ఉన్నా, కారు నీరసించిన మాట నిజం. ఆ కార్లకు రెండు ఎస్‌యూలు తిరిగి పెట్టి, కంప్రెషన్ సరిచేస్తే ఫలితం పైనుంచి కిందిదాకా తెలుస్తుంది. అయితే అక్కడి రాష్ట్రాల పొగ చట్టాలు చూసుకుని దిగాల్సిన పని అది.

హెడ్డు పని, సరైన సూది, మంచి మూతి, కుదురైన డిస్ట్రిబ్యూటర్, మెత్తటి క్యామ్, ఇవన్నీ కలిస్తే 95 హార్స్‌పవర్ ఇంజిన్ 110 నుంచి 120 దాకా చేరుతుంది. ఈ కాలపు చిన్న కార్లలో కొన్ని కూడా ఆ అంకె దాటుతాయి కనక అంకె విని ఆశ్చర్యపోయేవారు ఉండరు. బలం కొలిచే రోలింగ్ రోడ్డు యంత్రం ఇచ్చే కాగితం మీద శిఖరం దగ్గరి అంకెను వదిలేసి 2,000 నుంచి 5,000 ఆర్‌పీఎమ్ దాకా గీత మొత్తాన్ని చూడాలి. మంచి పని జరిగిన ఇంజిన్‌లో ఆ గీత ఎక్కడా గుంట పడకుండా మొత్తంగా పైకి జరుగుతుంది. రోడ్డు మీద నడిపేవాడికి అందేది ఆ గీతే.

మంచి మేస్త్రి పని ముగిశాక యజమానికి ఇంజిన్‌తో పాటు ఒక కాగితం కూడా ఇస్తాడు. హెడ్డు ముఖం ఎంత గీసిందీ, నాలుగు గదులూ ఎన్ని సీసీలకు వచ్చిందీ, ఏ సూది వేసిందీ, మొత్తం ఎన్ని డిగ్రీల దగ్గర టైమింగ్ నిలిపిందీ అందులో ఉంటాయి. హెడ్డులో గీయడానికి ఉన్న ఇనుము పరిమితం. ఎంత పోయిందో తెలియకుండా మరొకరు మళ్లీ గీస్తే ముఖం పల్చబడి హెడ్డే పగలొచ్చు. ఎంజీబీ కార్లు చేతులు మారుతూనే ఉంటాయి. ట్యూనింగ్ కోసం డబ్బు పెట్టేవారు హార్స్‌పవర్ ఎంత పెంచుతారని అడిగే ముందు, ఆ కొలతలు రాసిస్తారా అని అడగాలి. రాసిస్తానన్నవాడు కొలిచి పనిచేస్తాడు, కొలిచి పనిచేసేవాడికి ఎక్కడ ఆగాలో తెలుసు.